సకృత్, శకృత్, అసకృత్: సంయుక్త భౌతిక గణన పరిభాషలో శ్రుతిసామ్యమువలని చిక్కులు

వ్యాకరణాధ్యయనమున శ్రద్ధలేని కుమారునకు తండ్రి చేసిన హితబోధగా ఒక ప్రాచీన శ్లోకము పాఠశాలలలో చిరకాలముగా ప్రచారమున నున్నది. అందలి మూడు శబ్దయుగళములు పండితులందరికి పరిచితములే. స్వజన మనవలసినచోట శ్వజన మన్నచో బంధువర్గము శునకవర్గ మగును. సకల మనవలసినచోట శకల మన్నచో సమస్తము తునకగా మిగులును. మూడవది సకృత్, శకృత్ అను జంట. దంత్య సకారాదియగు మొదటిది ఒకమారు అను నర్థముగల అవ్యయము. తాలవ్య శకారాదియగు రెండవది పురీషవాచకము. అక్షరమే కాదు, స్వరము మారినను ముప్పు కలదని ఇంద్రశత్రు శబ్ద వృత్తాంతము చెప్పుచున్నది. ఇంద్రుని చంపువాడు అను తత్పురుషార్థమును కోరి త్వష్ట హోమము చేయగా, ఆద్యుదాత్తముగా పలుకుటచే ఇంద్రుడే చంపువాడుగా గలవాడు అను బహువ్రీహ్యర్థము సిద్ధించి వృత్రుడు హతుడయ్యెను. మహాభాష్యకారుడు వ్యాకరణ ప్రయోజనములను చెప్పుచు దీనిని స్మరించినాడు.

ఇట్టి విచారణ నేడు ఆధునిక శాస్త్రముల పరిభాషా నిర్మాణమునకును అవసరమైనది. 2021లో అఖిల భారత సాంకేతిక విద్యామండలి ఇంజనీరింగు విద్యను తెలుగుతో సహా కొన్ని ప్రాంతీయ భాషలలో బోధించుటకు అనుమతి నిచ్చినది. పాఠ్యగ్రంథములు వ్రాయువారికి సంస్కృత శబ్దములే పెట్టుబడి. ఆ శబ్దములు ఆంగ్లపదముల ధ్వనిని బట్టి కాని, ఒకదానికొకటి దగ్గరగా వినబడుటను బట్టి కాని ఎన్నుకొనబడినచో విద్యార్థి తప్పుడర్థమునే చదువుకొనును. సంయుక్త భౌతిక గణనము అనదగిన ఒక శాస్త్రభాగమును ఉదాహరణముగా తీసికొనిన ఈ విషయము స్పష్టపడును.

ముందు ఆ గణన స్వరూపమును తెలిసికొనవలెను. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున టకోమా జలసంధిపై నిర్మితమైన వ్రేలాడు వంతెన 1940 జూలై 1న ప్రారంభింపబడి, అదే సంవత్సరము నవంబరు 7న గంటకు సుమారు 42 మైళ్ల వేగముగల గాలికి మెలికలు తిరిగి కూలిపోయినది. తుఫానులతో పోల్చిన అది గొప్ప గాలి కాదు. గాలి వంతెన పలకను మెలిత్రిప్పినది. మెలిదిరిగిన పలక గాలి ప్రవాహమును మార్చినది. మారిన ప్రవాహము పలకను మరింత మెలిత్రిప్పినది. చాలకాలము పాఠ్యపుస్తకములు దీనిని అనునాదమునకు ఉదాహరణముగా చెప్పుచు వచ్చినవి. వెలుపలి గాలి ఒక నియత లయతో ఊపుటవలన కాక, పలక చలనమే తన్ను పెంచు బలమును గాలినుండి పుట్టించుకొనుటవలన ఇది జరిగినదని తరువాతి పరిశోధకులు వివరించిరి.

ఇట్టి సంఘటనను ముందే గణించుటకు వాయుప్రవాహ సమీకరణములను మాత్రమే సాధించిన చాలదు. ఘనపదార్థ వికార సమీకరణములను మాత్రమే సాధించినను చాలదు. రెండును పరస్పరము తెలిసికొనుచు సాగవలెను. ఉష్ణమునకు వికారమునకు, విద్యుత్తునకు ఉష్ణమునకు, రక్తమునకు నాళమునకు నడుమగూడ ఇట్టి సంబంధమే. దీనికి రెండు మార్గములు కలవు. అన్ని సమీకరణములను ఒకే మహాసమూహముగా కూర్చి ఒక్కమారే సాధించుట ఒకటి. ప్రవాహమునకొక ప్రోగ్రామును, ఘనమునకొక ప్రోగ్రామును వేరువేరుగా నడపి, అవి కలియు తలమువద్ద బలములను స్థానభ్రంశములను ఇచ్చిపుచ్చుకొనునట్లు చేయుట రెండవది. వైయాకరణుల మాటలలో చెప్పిన, మొదటిది సమాసము వంటిది, అందు అవయవపదములు విభక్తులను కోల్పోయి ఏకపదమగును. రెండవది సంధి వంటిది, పదములు పదములుగానే యుండి అంచులయందు మాత్రమే మార్పు నొందును.

రెండవ మార్గమునకు ఉపకరించు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులలో జర్మనీలోని మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయమున మొదలై, స్టుట్‌గార్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులచేతను పెంపొందింపబడిన ప్రిసైస్ ప్రసిద్ధమైనది. ఇది స్వయముగా ఏ భౌతిక సమీకరణమును సాధింపదు. ఓపెన్‌ఫోమ్, కాల్క్యులిక్స్ వంటి ప్రోగ్రాముల నడుమ దూతగా నిలిచి వాటి సమాచారమును చేరవేయును. దాని పేరే ప్రకృత విచారణకు మొదటి ఉదాహరణము. ప్రిసైస్ కోడ్ ఇంటరాక్షన్ కప్లింగ్ ఎన్విరాన్‌మెంట్ అను దీర్ఘనామమునుండి మొదటి మూడక్షరములను, తక్కిన పదముల ఆద్యక్షరములను గ్రహించి కూర్చిన సంక్షేపము అది. నిర్దిష్టము అను నర్థముగల ఆంగ్ల విశేషణము ప్రిసైస్‌తో సమముగా పలుకబడును. ఆంగ్లమున వ్రాతలో ఒక అక్షరభేదము కలదు. ఆ విశేషణమున ఎస్ ఉన్నచోట ఈ నామమున సీ కలదు. పెద్దక్షరములును సహాయపడును. తెలుగు లిపి ధ్వనిననుసరించునది గనుక ఈ భేదము పూర్తిగా లుప్తమగును. ప్రిసైస్ గణనము అని తెలుగున వ్రాసినచో నిర్దిష్టమైన గణనమో, ఆ సాధనముచే చేయబడిన గణనమో తెలియదు.

తెలుగునకు ఈ అనుభవము క్రొత్తది కాదు. అరసున్న ఉన్నప్పుడు వీఁడు పురుషవాచకము, వీడు పట్టణవాచకము. ఏఁడు సంవత్సరము, ఏడు సంఖ్య. వేఱు అన్యార్థకము, వేరు వృక్షమూలము. అచ్చులో అరసున్నయు బండిరకారమును వదలివేయబడిన పిదప ఈ భేదములు సందర్భమునకు విడువబడినవి. లోకవ్యవహారమున సందర్భము చాలును. పరిభాషలో చాలదు, ఏలయన పరిభాష సందర్భము తెలియనివానికి తెలుపుటకే ఏర్పడినది.

ప్రిసైస్ శబ్దముయొక్క వ్యుత్పత్తియు ఆసక్తికరమైనదే. లాటిను భాషలో ముందుగా కోసివేయుట అను నర్థముగల క్రియనుండి అది పుట్టినది. అనవసర భాగములను కోసివేసినది గనుక నిర్దిష్టము. పాఠశాలలలో సంక్షేపలేఖనమునకు వాడు ప్రెసీ అను మాటయు ఆ మూలముదే. ఇచట ఒక ప్రలోభము కలదు. ఛేదనార్థకమగు ఛిద్ ధాతువునకు, లాటినులో కోయుట యను నర్థముగల కైడెరె అను క్రియకు ధ్వనియు అర్థమును దగ్గరగా నుండుటచే రెండును సోదరులని తలపవచ్చును. తులనాత్మక భాషాశాస్త్రజ్ఞులు ఛిద్ ధాతువునకు సోదరముగా లాటినున స్కిండెరె అను వేరొక క్రియను, గ్రీకున స్ఖిజేయిన్ అను క్రియను చూపుదురు. అర్థసామ్యము తోడైనను శ్రుతిసామ్యము వంశసామ్యమును ఋజువు చేయజాలదు.

అర్థవిషయమునను ఈ పదము జాగ్రత్త కోరును. శాస్త్రజ్ఞుల వాడుకలో ప్రిసిషన్ వేరు, ఆక్యురసీ వేరు. పలుమారులు కొలిచినను ఫలితములు ఒకదానికొకటి సమీపముగా నుండుట మొదటిది. ఫలితము సత్యమునకు సమీపముగా నుండుట రెండవది. తెలుగున రెంటికిని ఖచ్చితము అనుటయే కానవచ్చుచున్నది. ఇది సరికాదు. తద్వంతమునందు తత్ప్రకారకమైన అనుభవమును యథార్థమని తార్కికులు నిర్వచించినారు. ఆక్యురసీకి యాథార్థ్యము అను మాట సిద్ధముగా నున్నది. ప్రిసిషన్‌కు నైయత్యము అనవచ్చును. ప్రతిమారును అదే తప్పును చూపు తక్కెడకు నైయత్యము కలదు, యాథార్థ్యము లేదు. వంతెన కట్టువాడు ఈ రెంటిని ఒకే మాటతో చదువుకొనినచో దశాంశస్థానములు పది సరిపోయినవని తృప్తి పడును.

ఇక ముఖ్యవిషయము. సంయుక్త గణనమున మూలభూతమైన చిక్కును తర్కశాస్త్రము అన్యోన్యాశ్రయమని పిలుచును. పలకపై బలము తెలియవలెనన్న పలక ఆకారము తెలియవలెను. ఆకారము తెలియవలెనన్న బలము తెలియవలెను. వాదమున అన్యోన్యాశ్రయము దోషము. గణనమున అది వస్తుస్వభావము. దానిని పరిహరించుట సాధ్యము కాదు, దానితో వ్యవహరించు ఉపాయము కావలెను. ఆ ఉపాయము రెండు విధములుగా నున్నది. కాలమును చిన్న ఖండములుగా విభజించి, ఒక్కొక్క ఖండమున రెండు ప్రోగ్రాములును ఒక్కమారు మాత్రము సమాచారమును మార్చుకొని ముందునకు పోవుట ఒక విధము. దీనిని ఆంగ్లమున ఎక్స్‌ప్లిసిట్ కప్లింగ్ అందురు. ఒక్కొక్క ఖండముననే పలుమారులు మార్చుకొని, రెండు వరుస ఫలితముల భేదము ముందు నిర్ణయించిన స్వల్పపరిమితికి లోబడిన పిదపనే తరువాతి ఖండమునకు పోవుట రెండవది. దీనికి ఇంప్లిసిట్ కప్లింగ్ అని పేరు. ఈ ఆంగ్లపదములును శ్రుతిసమములే. నిఘంటువు చూచి వ్యక్తము, అవ్యక్తము అని అనువదించినచో అర్థము పూర్తిగా తప్పును. ఇచట వ్యక్తమగునది గాని అవ్యక్తముగా నుండునది గాని లేదు. భేదమంతయు ఎన్నిమారులు అను దానియందు కలదు.

ఎన్నిమారులు అను దానికి సంస్కృత గణితమున మాటలు సిద్ధముగా నున్నవి. గ్రహగణితమున మందకర్ణ సాధనము ఇట్టి అన్యోన్యాశ్రయముతో కూడినదే. మందవృత్తముయొక్క వ్యాసార్ధము కర్ణముననుసరించి మారును, కర్ణము ఆ వ్యాసార్ధమునుండి సాధింపవలెను. ఏడవ శతాబ్దివాడగు ప్రథమ భాస్కరుడు మహాభాస్కరీయమున దీనికి మరల మరల గణించు విధానమును చెప్పినాడు. ముందు ఒక విలువను గ్రహించి కర్ణమును సాధింపవలెను. ఆ కర్ణముచే వ్యాసార్ధమును సవరింపవలెను. సవరించిన వ్యాసార్ధముచే మరల కర్ణమును సాధింపవలెను. రెండు వరుస ఫలితములు సమములగువరకు ఇట్లు చేయవలెను. జ్యోతిషికులు దీనిని అసకృత్కర్మ అందురు, ఒకమారు మాత్రము కానిది గనుక. విశేషము, అనగా భేదము, లేని స్థితికి చేరునది గనుక అవిశేషకర్మ అనియు అందురు. ఆధునికులు కన్వర్జెన్స్ అను దానికి అవిశేషము కన్న సూక్ష్మమైన మాట దొరకుట కష్టము. అభిసరణము అని కొందరు వాడుచున్నారు. అభిసారికను ఎరిగిన పాఠకునకు ఆ మాట వేరొక స్మృతిని తెచ్చుట తప్పదు.

కావున ఖండమున కొకమారు జరుగు వినిమయము సకృద్వినిమయము, అవిశేషము వరకు సాగునది అసకృద్వినిమయము. వీటి భేదము మాటల భేదము మాత్రము కాదు. గాలి, ఉక్కు పలక వంటి జంటలో ద్రవ్యసాంద్రతలు మిక్కిలి భిన్నములు గనుక సకృద్వినిమయము తరచు పనికివచ్చును. రక్తము, నాళభిత్తి వంటి జంటలో సాంద్రతలు దాదాపు సమములు. అచట ఘనము కదలినప్పుడు దానితోపాటు కదలవలసిన ద్రవముయొక్క జడత్వము ఘనమునకే అదనపు ద్రవ్యరాశి వలె తోచును. సకృద్వినిమయమున ఈ భారము ఒక అడుగు ఆలస్యముగా లెక్కకు వచ్చుటచే దోషము పెరిగి గణనము చెడిపోవును. కాలఖండమును చిన్నది చేసినను ఈ దోషము పోదు. హృదయ కవాటములను, ధమనులను గణించువారు అసకృద్వినిమయమునే ఆశ్రయింపవలసి వచ్చుటకు కారణమిది. కేవలము మరల మరల చేయుట మందగతిని సాగును గనుక, వెనుకటి ఫలితముల పరంపరను చూచి తరువాతి విలువను మెరుగుగా ఊహించు త్వరణోపాయములను ప్రిసైస్ వంటి సాధనములు కలిగియున్నవి. పునరావృత్తి శ్రమను తగ్గింపవలెనను కోరిక మన గణకులకును ఉండెడిది. పునరావృత్తి లేకుండ అవిశిష్ట మందకర్ణమును సాధించు మాధవుని మార్గమును 1500 ప్రాంతమున నీలకంఠ సోమయాజి తంత్రసంగ్రహమున చేర్చియున్నాడు.

పాఠశాలలోని ఆ పాత జంట ఇచట తిరిగి ఎదురగుచున్నది. తెలుగువారి నోట స, శ భేదము నిలుచుట అరుదు. సకృద్వినిమయమని వ్రాసినదానిని అధ్యాపకుడు శకృద్వినిమయమని పలికినచో సంస్కృతజ్ఞుడగు శ్రోతకు కలుగు అర్థము చెప్పనక్కరలేదు. ఈ భయముచే మాటను విడుచుట తగదు. పలుకుట నేర్చుకొనుటయే తగినది.

కప్లింగ్ అను దానికి పర్యాయము విచారింపదగినది. హిందీ పారిభాషికమున యుగ్మన అను రూపము వాడుకలో నున్నది. యుగ్మము రెండింటి జత. ప్రవాహము, వికారము, ఉష్ణము అను మూడు ప్రోగ్రాములను కలుపవలసినచోట ఆ మాట ఇరుకగును. యుజ్ ధాతువునుండి ఉపసర్గలతో ఎన్నియో శబ్దములు వచ్చుచున్నవి గనుక ఎవరేని ధ్వని బాగున్నదని ఒకదానిని గ్రహించు ప్రమాదము కలదు. అనుయోగము ప్రశ్న, అభియోగము నేరారోపణ, నియోగము ఆజ్ఞ, వియోగము ఎడబాటు. సంయుగము అన్నచో యుద్ధము, అమరకోశమున యుద్ధపర్యాయములలో నది చేరియున్నది. సంయోగమునకు సంయుగమునకు భేదము ఒక్క గుణము మాత్రమే.

వైశేషికుల సంయోగ లక్షణము మాత్రము ఇచటికి చక్కగా సరిపోవును. వేరువేరుగా సిద్ధములైయున్న ద్రవ్యముల కలయిక సంయోగము, విభాగముచే నశించునది. అవయవావయవులవలె వేరుగా నుండజాలని వాని సంబంధము సమవాయము. రెండు స్వతంత్ర ప్రోగ్రాములను కలిపి, పని ముగిసిన పిదప విడదీయుట సంయోగమే. సమీకరణములన్నిటిని ఒకే సమూహముగా కూర్చుట సమవాయమును పోలినది. రసాయనశాస్త్రమున సంయోగ శబ్దము ముందే వాడబడుచుండుటయు, లోకమున దానికి వేరొక రూఢి యుండుటయు అభ్యంతరములు. అందుచే ణిజంతమునుండి సంయోజనము అను రూపమును గ్రహించుట మేలు, కలుపబడుటకన్న కలుపుట అను వ్యాపారము అందు ప్రధానముగా తోచును.

కలియు తలమును ఆంగ్లమున ఇంటర్‌ఫేస్ అందురు. కొందరు దీనిని అంతర్ముఖము అని తెలిగించుచున్నారు. లాటిను ఇంటర్, సంస్కృత అంతర్ నిజముగా ఏకమూలములే, ఫేస్ అనగా ముఖమే. అయినను కూడిన పదము తప్పే. బాహ్యవిషయములనుండి మరలి లోనికి చూచువాడు అంతర్ముఖుడని వేదాంతమున రూఢి. ద్రవముఘనముల సరిహద్దునకు ఆత్మచింతన లేదు. హిందీలో అంతరాపృష్ఠ అని చేసినది ఇంతకన్న ఉచితము. అంతరా అను దీర్ఘాంతావ్యయము నడుమ అను నర్థముగలది, దాని యోగమున ద్వితీయను పాణిని విధించినాడు. ఒక్క దీర్ఘమే అర్థమును నిలిపినది. తెలుగున సంధితలము అన్నను పాఠకునకు వెంటనే స్ఫురించును. ఆ తలమువద్ద రెండు ప్రోగ్రాముల బిందుజాలములు సాధారణముగా ఏకీభవింపవు. ఒక జాలమునుండి మరియొకదానికి విలువలను చేర్చునప్పుడు బలముల మొత్తము మారరాదు. స్థానభ్రంశమునకు మొత్తముతో పనిలేదు, ప్రతిబిందువునకును ఆ చోటి విలువయే రావలెను. మొదటి రీతిని కన్సర్వేటివ్ అనియు, రెండవదానిని కన్సిస్టెంట్ అనియు అందురు. ఆద్యక్షరసామ్యముచే ఇవియు తారుమారగును. రాశిరక్షకము, మూల్యరక్షకము అని వేరుపరచిన విద్యార్థికి సుకరము.

చివరిది ఈ సాధనముల స్వామ్యమునకు సంబంధించిన మాట. 1985లో స్థాపితమైన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పేరులోని ఫ్రీ శబ్దము స్వాతంత్ర్యమును చెప్పునది, వెలలేమిని కాదు. ఆ ప్రోగ్రామును నడపుటకు, మూలలిపిని చదివి మార్చుటకు, ఇతరులకు పంచుటకు అధికారముండుట దాని తాత్పర్యము. ఆ శబ్దమునకు సంస్కృతమున సోదరము ప్రియ శబ్దమనిన పలువురకు ఆశ్చర్యము కలుగును. తెలుగున దీనిని ఉచిత సాఫ్ట్‌వేరు అనుట వ్యాపించినది. సంస్కృతమున ఉచితము యోగ్యము, పైని అంతరాపృష్ఠ విషయమున వాడబడినది ఆ యర్థముననే. తెలుగున అది వెలలేనిది అను నర్థమునకు మారినది. అవసరము, ఉద్యోగము, అనుమానము మొదలగు శబ్దములు ఇట్లు మారినవే. హిందీలో చిక్కు వేరు రూపమున నున్నది. ముక్త అను సంస్కృత శబ్దమును, ముఫ్త్ అను పారసీక శబ్దమును దాదాపు ఒకే తీరుగా వినబడును. మొదటిది ముచ్ ధాతుజన్యము, విడువబడినది. రెండవది వెలలేనిది. వీటి అర్థములు వేరు. హైదరాబాదు వీధులలో ముఫ్త్ అను మాట ఎరుగనివారుండరు గనుక, ముక్త సాఫ్ట్‌వేరు అని వ్రాసినను చెవికి అదియే తోచు నవకాశము కలదు.

ఈ భేదము వ్యవహారమున ఫలించునది. ప్రిసైస్ గ్రంథాలయము ఎల్‌జీపీఎల్ అను అనుమతిపత్రముతోను, ఓపెన్‌ఫోమ్, కాల్క్యులిక్స్ జీపీఎల్ అను అనుమతిపత్రముతోను లభించుచున్నవి. ఈ రెండు పేరులకును నడుమ ఒక అక్షరమే భేదము, నిబంధనలు మాత్రము వేరు. జీపీఎల్ ప్రోగ్రామును మార్చి ఇతరులకు పంచువాడు ఆ మార్పులతో కూడిన సమస్తమును అదే నిబంధనతో ఈయవలెను. ఎల్‌జీపీఎల్ గ్రంథాలయమును తన ప్రోగ్రామునకు సంయోజించుకొనువాడు తన ప్రోగ్రామును అట్లీయనక్కరలేదు, ఆ గ్రంథాలయమున చేసిన మార్పులను మాత్రము ఈయవలెను. ఉచితము అను మాటను మాత్రము చదువుకొనిన కళాశాల ప్రయోగశాల, వెల లేదు గనుక బాధ్యతయు లేదని తలచి ఇతరులకు పంచుకొనునప్పుడు చిక్కున పడగలదు. స్వతంత్ర సాఫ్ట్‌వేరు అను మాటకు ముఫ్త్‌తో గాని, ఉచితముతో గాని శ్రుతిసామ్యము లేదు.